చెట్టుకు ఒకటి, నెత్తురుకు ఎనిమిది

పాపం, చిత్రగుప్తుడు ఇప్పటికీ చిట్టా చేత్తోనే రాసుకుంటున్నాడట. ఒక్కసారి కోల్‌కతా వైపు వచ్చి మౌలానా అబుల్ కలాం ఆజాద్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారి పట్టిక చూసిపోతే ఆయనకు సగం చాకిరీ తప్పేది. దాని ప్రాంగణం హరిణఘాటాలో, దాని కాలేజీలు ఊరి నిండా. పుణ్యానికి వీళ్లు రేటు కట్టేశారు. మొక్క నాటి కాపాడితే చెట్టుకు 1 పాయింటు. పల్లె మీద రిపోర్టు రాస్తే 5. రక్తం ఇస్తే 8. పేదపిల్లలకో వికలాంగులకో ఏదైనా నేర్పితే 15. సహాయ శిబిరంలో పాల్గొంటే 20. ఇలా 100 పాయింట్లు పోగుచేస్తేనే బీటెక్ పట్టా. సబ్జెక్టులన్నీ గట్టెక్కినా సరే, పాయింట్లు తక్కువ పడితే పట్టా బీరువాలోనే ఉంటుంది. డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లకు మాత్రం 75తో సరిపెట్టారు. సేవాభావంలో వాళ్లకు ఏడాది రాయితీ అన్నమాట.

అదే పట్టికలో టెక్‌ఫెస్టూ, టీచర్స్ డే, ఫ్రెషర్స్ వెల్‌కమ్ కూడా ఉన్నాయి. నిర్వహిస్తే 5, ఊరికే వెళ్లొస్తే 3. కాబట్టి ఐదు చెట్లు పెంచడమూ, జూనియర్లకు తలో గులాబీ ఇచ్చి డీజే పెట్టించడమూ ధర్మదేవత తక్కెడలో సరిసమానం. మూడు చెట్లు పెంచేకన్నా వెల్‌కమ్ పార్టీకెళ్లి సమోసా తిని రావడం తెలివైన పని. సమోసాకు ఎండాకాలంలో నీళ్లు పోయక్కర్లేదు, ఆవు వచ్చి తినిపోతుందన్న బెంగా లేదు.

ఇన్ని వరసల్లోనూ నాకు మహా నచ్చింది రక్తం వరస. ఇచ్చినవాడికి 8. శిబిరం నిర్వహించినవాడికి 10. సూది గుచ్చించుకున్న చేతికన్నా షామియానావాడికి ఫోన్ చేసిన చేతికి రెండు ఎక్కువ. జోకాలో ఐఐఎం వాళ్లు రెండేళ్లు కూర్చోబెట్టి లక్షల ఫీజుతో చెప్పే పాఠాన్ని ఈ విశ్వవిద్యాలయం రెండంకెల్లో తేల్చేసింది.

రక్తం సంగతి ఈ ఊరికి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. దేశంలో మొదటి బ్లడ్ బ్యాంకు తెరిచింది ఇక్కడే, 1942లో, యుద్ధం రోజుల్లో, ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్‌లో. 1962లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం ఆవరణలో స్వచ్ఛంద రక్తదాన శిబిరం పెట్టారు. పూట గడవక నెత్తురు అమ్ముకునేవాళ్లు ఆస్పత్రుల చుట్టూ తిరిగే కాలం అది. అలాంటి కాలంలో డబ్బు ముట్టకుండా, ఎవరికి ఎక్కిస్తారో తెలియకుండా చెయ్యి చాపడం అప్పటికి వింత. ఆ వింత పాకి పాకి బెంగాల్లో వాడవాడకూ అలవాటైంది. ఇప్పుడు ఇక్కడ పాడా (వాడ) క్లబ్బు అన్నాక క్యారమ్ బోర్డు, కాళీపూజ, రక్తదాన శిబిరం ఉండి తీరాలి. ఆ తర్వాత 1996లో సుప్రీంకోర్టు చెప్పగా, 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకం దేశమంతా నిషేధమైంది. కనుక ఇవాళ డబ్బు తీసుకుని రక్తం ఇస్తే నేరం. పాయింట్లు తీసుకుని ఇస్తే చదువు.

కొన్ని క్లబ్బుల దాదాలు దాతల చేతిలో కుక్కరో ట్రాలీ బ్యాగో పెడుతున్నారని పత్రికలు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాయి. నా మటుకు దాదాలే నయం. కుక్కరైతే ఇంట్లో అమ్మ వాడుకుంటుంది.

ఇదంతా కుర్రాళ్ల మీద కసితో రాస్తున్నది కాదు. ఇరవయ్యేళ్లవాడికి పట్టా కావాలి, పట్టాకు పాయింట్లు కావాలి, పాయింట్లకు పేదవాళ్లు కావాలి. మొదటిది వాడు కోరుకున్నాడు, మిగతా రెండూ పెద్దవాళ్లు కలిపారు. నా పేచీ పెద్దవాళ్లతోనే.

చలికాలంలో ఒక ఆదివారం పొద్దున తోప్సియా వైపు ఒక బస్తీకి వెళ్లి చూడండి. ముందు ఫ్లెక్సీ దిగుతుంది, వెనక సేవకులు దిగుతారు. ఏ కాలేజీ అన్నది అనవసరం, ఫ్లెక్సీ మీద పేరు మారుతుంది, మిగతాదంతా ఒకటే. అందరికీ ఒకే రంగు టీషర్టులు, మడతలు కూడా పోలేదు. చీపుళ్లకు పాలిథిన్ కవరు ఇంకా తీయలేదు, ఫొటో అయ్యాక తీస్తారు. గుంపులో మన విజయనగరం కుర్రాడొకడు ఉంటాడు, ఎక్కడైనా ఉంటాడు కదా. "ఒరేయ్, లొకేషన్ ఆన్ చేశావా? జియోట్యాగ్ లేకపోతే సార్ ఒప్పుకోడ్రా" అని పక్కవాడిని తొందరపెడుతుంటాడు. చేసిన పాపం చెబితే పోతుందన్నారు పెద్దలు. చేసిన పుణ్యం అప్‌లోడ్ చేస్తే తప్ప నిలవదన్నది కొత్త శాస్త్రం.

సేవ ఎలా చేయించుకోవాలో ఆ బస్తీకి బాగా అలవాటు. సందంతా చాచీ అని పిలిచే నడివయసు ఆవిడ చాప తెచ్చి పరుస్తుంది. పొట్టివాళ్లను ముందు, పొడుగువాళ్లను వెనక కూర్చోబెడుతుంది. టోపీ పెట్టుకున్న పిల్లాడి మొహం ఫొటోలో పడదని టోపీ తీయిస్తుంది. ఫ్లెక్సీ కట్టడానికి మేకు ఎక్కడుందో కూడా ఆవిడే చూపిస్తుంది. అప్పుడు మన సేవకులు చేతులు కడుక్కోవడంలో ఉన్న మెట్లన్నీ వరసగా అభినయిస్తారు. పిల్లలు వాళ్లకన్నా ఒక మెట్టు ముందే ఉంటారు, ఎందుకంటే పోయిన ఆదివారం వచ్చినవాళ్లూ ఇదే నేర్పారు, ఆ ముందటి ఆదివారం వచ్చినవాళ్లూ ఇదే. "మా పిల్లలకు చేతులు కడుక్కోవడం వచ్చు బాబూ. పంపులో నీళ్లు రావడమే కష్టం" అంటుంది చాచీ. అది నోట్‌బుక్కులో రాసుకునే వరస కాదు గనక ఎవరూ రాసుకోరు.

తర్వాత ఆవిడ ఒక ప్లాస్టిక్ సంచీ తెస్తుంది. అందులో బ్యాంకు పాస్‌బుక్కు, ఆధార్ కార్డు, రెండు జిరాక్సులు. ఆడవాళ్ల ఖాతాల్లో నెలనెలా పడే లక్ష్మీర్ భండార్ డబ్బు ఆవిడకు ఆగిపోయింది. పాస్‌బుక్కులో పేరు చివర బీబీ అని ఉంది, ఆధార్‌లో ఖాతూన్ అని ఉంది. "మీరు కంప్యూటరు చదివేవాళ్లు కదా బాబూ, కాస్త చూసి పెడతారా?" మన విజయనగరం వాడు మర్యాదస్తుడు. వచ్చీరాని హిందీలో, "ఆంటీజీ, ఈవేళ మా టాపిక్ అది కాదండీ, శానిటేషన్" అంటాడు.

రెండు పేర్లు ఒకే మనిషివా కాదా అని కంప్యూటరు చేత తేల్చే విద్య మీద ఆ కుర్రాడు మొన్ననే ఇంటర్నల్ పరీక్ష రాసి ఉంటాడు. మంచి మార్కులూ వచ్చి ఉంటాయి. బ్యాంకులో ఏ ఫారం అడగాలో, ఆధార్‌లో పేరు ఎలా దిద్దించుకోవాలో, ఏ కాగితం జత చేయాలో వాడి ఫోన్లో చాలాసేపు వెతక్కుండానే దొరుకుతుంది. ఈ ఊళ్లో ఆ పని సైబర్ దుకాణాలవాళ్లు డబ్బు తీసుకుని చేస్తారు. వాడికి వచ్చిన విద్యకూ చాచీకి కావలసిన పనికీ మధ్య ఒక చాప వెడల్పు దూరం. దాన్ని దాటడానికి పట్టికలో వరస లేదు. ఇంజనీరు చేతికి చీపురిచ్చి, కామర్స్ అమ్మాయి చేతికి పెయింటు బ్రష్షు ఇచ్చి, కెమిస్ట్రీ వాడి చేత నుక్కడ్ నాటకం ఆడించి, ఎవరికి ఏది రాదో అదే సేవ అని తేల్చారు. ఊడ్చేపనికి ఇక్కడ కార్పొరేషన్ మనుషులున్నారు, వాళ్లు చాలా బాగా ఊడుస్తారు. వాళ్లకు పాయింట్లు రావు, జీతం పెంచమంటే జవాబూ రాదు.

అసలీ ఊళ్లో విద్యార్థుల చేత చీపురు పట్టించిన కథ వేరే ఉంది. 1899లో ప్లేగు. రామకృష్ణ మిషన్ సహాయ సంఘానికి సోదరి నివేదిత కార్యదర్శి, సందుల్లో పని చేయించేది స్వామి సదానంద. ఏప్రిల్లో క్లాసిక్ థియేటర్‌లో వివేకానందుడి అధ్యక్షతన నివేదిత 'ప్లేగు, విద్యార్థుల కర్తవ్యం' అని మాట్లాడితే గుప్పెడుమంది కుర్రాళ్లు పేర్లిచ్చారు. బాగ్‌బజార్‌లో ఒక సందు ఊడ్చేవాళ్లు లేకపోతే ఐర్లండులో పుట్టిన ఆవిడే చీపురు పట్టుకుందనీ, అది చూసి పాడా కుర్రాళ్లు సిగ్గుపడి చీపురు లాక్కున్నారనీ చెబుతారు. గమనించండి, అక్కడ కుర్రాళ్ల చేత పని చేయించింది సిగ్గు. ఇప్పటి పట్టిక తయారుచేసినవాళ్లకు ఆ ముడిసరుకు దొరక్క పాయింట్లు వాడినట్టున్నారు. ఆ చీపురు కూడా సరదా చీపురు కాదు. ఊడ్వడానికి మనుషులు భయపడి పారిపోయిన రోజుల చీపురు.

అప్పుడు బస్తీలు తిరుగుతున్న ఒక డాక్టరు, తడి గుడిసెలో ప్లేగు పిల్లవాడిని ఒడిలో పెట్టుకుని కూర్చున్న నివేదితను చూసి రాశాడు. ఆయన రాధాగోవింద కర్. ఆయన పేరుతోనే ఊరి ఉత్తరాన ఆర్.జి. కర్ ఆస్పత్రి ఉంది. 2024 ఆగస్టు 9న ఆ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న పీజీ విద్యార్థినిపై జరిగిన అత్యాచారం, హత్య సంగతి దేశమంతటికీ తెలుసు. శిక్ష పడినవాడి కొలువు పేరు సివిక్ వాలంటీర్. అక్కడ నేను వ్యంగ్యం ఆడను. చెప్పదలచుకున్నది ఆ తర్వాతి సంగతి. న్యాయం కావాలని రోడ్డెక్కిన జూనియర్ డాక్టర్లు ఊళ్లో బల్లలు వేసుకుని అభయ క్లినిక్కులు నడిపారు. ఓపీ ఆగిపోయిన రోగులను అక్కడ చూశారు. సెప్టెంబరులో వరద వస్తే మందులు పట్టుకుని పాఁశ్‌కుడా వెళ్లారు. చదివిన చదువునే చేశారు, కావలసినవాళ్లకే చేశారు. పట్టిక ప్రకారం సహాయ శిబిరానికి 20 రావాలి. వాళ్లకు వచ్చింది, ఫలానా రోజు సాయంత్రం 5 గంటలలోపు విధుల్లో చేరండని సుప్రీంకోర్టు పెట్టిన గడువు.

ఈ ఊరికి ఇలాంటివి కొత్త కాదు. 1952లో విద్యార్థులూ డాక్టర్లూ కలిసి పెట్టుకున్న స్టూడెంట్స్ హెల్త్ హోమ్ మౌలాలీ దగ్గర ఇవాళ్టికీ ఉంది. జాదవ్‌పూర్‌లో రసాయనశాస్త్రం తెలిసిన దీపంకర్ చక్రవర్తి అనే ఆచార్యుడు 1988 నుంచి బోరింగు నీళ్లలో ఆర్సెనిక్ వెతికాడు. తన వెంట విద్యార్థులను పల్లెలకు తిప్పాడు. సీసాల్లో నీళ్లు పట్టించాడు, మనుషుల జుట్టూ గోళ్లూ తెప్పించి ప్రయోగశాలలో పరీక్షించాడు. లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన విషం, దానికి ఎన్నో రెట్లు, అరచేతుల్లో మచ్చలై కనిపిస్తున్నా సర్కారు చాలాకాలం కాదు పొమ్మంది. ఆయన ఏ ఆదివారమూ చీపురు పట్టలేదు, ఆయనకు వచ్చింది కెమిస్ట్రీ. అదృష్టవశాత్తూ అప్పుడు పాయింట్లు లేవు. బోరింగుకు ఇన్ని అని రేటు కట్టి ఉంటే, కాలేజీ వెనక పంపు నీళ్లే నలభై సీసాల్లో పట్టి నలభై ఊళ్ల పేర్లు అంటించేవారు. జిల్లాలో ఆర్సెనిక్ అదృశ్యమయ్యేది. సర్కారుకూ సంతోషమే.

ధ్రువజ్యోతి ఘోష్ అని ఇంకో ఇంజనీరు, కోల్‌కతా మురుగంతా ఎటు పోతోందో చూద్దామని కాల్వ వెంట బయల్దేరాడు. తీరా తూర్పున చూస్తే ఆ మురుగుతోనే చేపలు పెంచుతున్నారు జాలర్లు. ఎండ, నాచు, చెరువు లోతు, నీళ్లు ఎప్పుడు వదలాలి, ఎప్పుడు ఆపాలి, అన్నీ వాళ్లకు నోటికే వచ్చు. ఊరికి కోట్లు పెట్టి కట్టాల్సిన శుద్ధి కర్మాగారం పని వాళ్లు చేసి, పైపెచ్చు చేపలు కూడా పంపిస్తున్నారు. ఆయన వాళ్లను అడిగి తెలుసుకున్నాడు. ఆ 12,500 హెక్టార్ల చిత్తడి నేలకు 2002లో అంతర్జాతీయ రాంసర్ గుర్తింపు వచ్చింది. ఇప్పుడు కాలేజీ బస్సులు అక్కడికీ పోతున్నాయి. ఎందుకంటారా? తాతల నాటినుంచి ఊరి మురుగును చేపగా మారుస్తున్నవాళ్లకు వ్యర్థాల నిర్వహణ మీద అవేర్‌నెస్ కల్పించడానికి. వెళ్లేటప్పుడు నీళ్ల సీసాలు గట్టు మీద వదిలి వస్తారు, పాఠానికి ఉదాహరణ ఉండాలిగా.

ఇది బెంగాలీవాళ్ల తెలివే అనుకుని మనం మురిసిపోనక్కర్లేదు. పాయింట్లకు ముందు నుంచే దేశంలో గంటల లెక్క ఉంది. 1969 సెప్టెంబరు 24న కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో ప్రారంభించిన జాతీయ సేవా పథకానికి రెండేళ్లలో 240 గంటలు చెల్లించాలి. దాని బ్యాడ్జీ మీద కోణార్క రథచక్రం, ఎనిమిది ఆకులు. రోజుకు ఎనిమిది జాములూ సేవకు సిద్ధమని అర్థమట. ఎనిమిది జాములూ సిద్ధంగా ఉన్నవాడిని ఏడాదికి 120 గంటలే వాడుకోవడం ఎంత పొదుపో.

మన ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి డిగ్రీవాళ్లకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో, 180 గంటలు, 4 క్రెడిట్లు, రోజువారీ లాగ్‌బుక్కు. కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది. ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయాలి, సమస్య పట్టుకోవాలి, జనానికి చెప్పాలి, రిపోర్టు రాయాలి. కానీ కాలేజీ ఎదుట జిరాక్స్ షాపు అనేది ఒకటుందన్న సంగతి ఆ కాగితానికి తెలియదు. స్పైరల్ బైండింగుతో సహా, ఊరి పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలిన సేవ అక్కడ రెడీమేడుగా దొరుకుతుంది. కోనసీమ రిపోర్టుకు పేరు మార్చి అనంతపురం ఊరికి అంటిస్తే, వాన మొహం చూడని ఊళ్లో కొబ్బరితోటలకు తెగులు పడుతుంది. గైడుగారు సంతకం పెడతారు. ఆయనకూ చదివే గంటలకు క్రెడిట్లు లేవు మరి.

పాయింట్లు లేకపోతే ఈ కాలం కుర్రాళ్లు కదలరని ఒక పెద్దమనిషి వాదన. 2021లో కరోనా రెండో కెరటం నాడు ఆయన తలుపేసుకుని ఇంట్లో ఉన్నట్టున్నారు, నేనూ ఉన్నాను. అప్పుడు ఈ వీధుల్లో ఆక్సిజన్ సిలిండర్లు మోసుకుంటూ తిరిగింది కాలేజీ వయసు వాళ్లే. రెడ్ వాలంటీర్లని పేరు. వామపక్షాల జెండా ఉంది, కాదనను, ఓట్ల ఆశ లేదనీ చెప్పను. ఆ మే 2న అసెంబ్లీ ఫలితాలొస్తే లెఫ్ట్‌ఫ్రంట్‌కు వచ్చిన సీట్లు సున్నా. సిలిండరు అందుకున్న ఇల్లే ఓటు ఇంకొకరికి వేసింది. మర్నాడూ ఫోన్లు మోగాయి, మర్నాడూ సిలిండర్లు మెట్లెక్కాయి. సున్నా పాయింట్లకు కదిలినవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. ఏ కాలేజీ ఫైల్లోనూ వాళ్ల జియోట్యాగ్ దొరకదు.

ఇంత తిట్టాక ఒక సూచనైనా చేయకపోతే బాగుండదు. పట్టిక రద్దు చేయమని నేననను. రద్దు చేస్తే ఆదివారం బిస్కెట్ ప్యాకెట్లు కూడా పోతాయి, బస్తీ పిల్లలు నన్ను శపిస్తారు. లెక్క రెండువైపులా రాయమంటాను, అంతే. ఎండలో ఫొటోకు కదలకుండా కూర్చున్న పిల్లకు 3, అది వెల్‌కమ్ పార్టీకి వెళ్లొచ్చిన రేటే. "ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా" అని అడిగినవాళ్లందరికీ విసుక్కోకుండా జవాబు చెప్పిన ఇంటికి 5, ఎందుకంటే పల్లె రిపోర్టుకు 5 ఇస్తున్నారు, అందులో ఉన్న సరుకంతా వాళ్లదే. వచ్చిన విద్యనే ఏడోసారి నేర్చుకుని, సేవకుల మనసు నొచ్చకుండా చప్పట్లు కొట్టిన పిల్లలకు 15, అది నిజానికి సేవకులకే శిక్షణ. చాచీకి పూర్తిగా 10, శిబిరం నిర్వాహకుల రేటు: చాప ఆవిడది, మేకు ఆవిడది, జనాన్ని పోగేసిందీ ఆవిడే.

ఈ లెక్కన ఒక్క చలికాలంలోనే చాచీ వంద దాటేస్తుంది. బడి మొహం చూడలేదంటారా, లేటరల్ ఎంట్రీ కింద 75 చాలు. పట్టా మీద మాత్రం బీబీ అని రాయాలో ఖాతూన్ అని రాయాలో యూనివర్సిటీ వాళ్లే తేల్చుకోవాలి.